ఊరికే పోయే ప్రయాణానికి ఏం కట్టుకోవాలి?

మార్కాపురం,
1936, కార్తీక మాసం.

రాహేలక్కకు,

అలివేలు రాసే జాబు. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క నా బుర్ర తప్ప.

మిషను బడిలో మీ అమ్మ మగ్దలీనమ్మ టీచరు మనిద్దరినీ ఒకే పలక మీద రాయించిన రోజుల నుంచి, నాకు తెలియనిదేదైనా ఉంటే నిన్నడగడమే అలవాటు. ఇప్పుడు పట్నంలో నర్సువైనావు, అంతకు ముందు దొరల పిల్లలను ఆడించుకుంటూ ఓడ కూడా ఎక్కినావు. కాబట్టి ఇది నువ్వే చెప్పాలి.

మా ఆయన పలకల పెట్టెలు రేవులో అప్పజెప్పి పోయిన వారం చెన్నపట్నం నుంచి వచ్చినాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, "మాఘంలో మనిద్దరం ఓడెక్కి కొలంబో దాకా పోయొద్దాం" అన్నాడు.

"ఆడ ఎవురుండారు?" అన్నాను.

"ఎవురూ లేరు."

"పలకలు అమ్మేదానికా?"

"కాదు."

"మొక్కేమన్నా ఉందా?"

"లేదు. ఊరికే. ఓడలో కూర్చోని పోతాం, ఓడలో కూర్చోని వస్తాం. దొరలు పోవట్లేదా?"

అక్కా, నేను పుట్టి బుద్ధెరిగి ఊరికే ఎక్కడికీ పోలేదు. పెళ్లికి పోతే పట్టుచీర, చావుకు పోతే పాతచీర, తిరునాళ్లకు పసుపు చీర, పలకల గని దగ్గరికి సద్ది మోసుకుపోతే ముతక చీర. ఏ పనికి ఏ చీరో పెట్టె మూత తెరవకుండానే చెబుతాను. ఊరికే పోయేదానికి ఏ చీర కట్టుకోవాలో నాకు తెలియదు. మా అత్తనడిగితే, "ఊరికే పోయేది గాలొక్కటే. మనిషి ఊరికే ఎందుకు పోతాడు? అడుగు వాణ్ణి" అంది. మళ్లీ అడిగినాను. మళ్లీ ఊరికే అన్నాడు, ఈసారి నా మొహం చూడకుండా.

ఇంకొకటి. ఆయన పట్నం పోయే ముందర గిద్దలూరు నుంచి అత్త తమ్ముడు పుల్లయ్య మామ వచ్చి రెండు పూటలు ఉండి పోయినాడు. వెంట మనవరాలిని తెచ్చినాడు. ఆ పిల్లకు పెళ్లీడు వచ్చింది. నాకేమో పెళ్లయి పదేళ్లు దాటినా ఒడి నిండలేదు. ఇంతకంటే రాస్తే కాగితం తడుస్తుంది.

చీరలు, పెట్టెలు, తినేవి అన్నీ విడమరిచి రాయి. ఆయన పట్నంలో మీ ఇంటికి వచ్చినాడా, అది కూడా రాయి.

నీ చెల్లెలు
అలివేలు


రాయపురం, చెన్నపట్నం,
డిసెంబరు నెల.

చెల్లి అలివేలుకు,

నీ ఉత్తరం చదివి మా ఆయన, మీ యోసేపు బావ, ఒకటే నవ్వు. ఊరికే పోవడానికి ఇంత కష్టపడేవాళ్లు మీ తాలూకాలోనే ఉంటారట.

సరే, విను. పట్టుచీరలు ఇంట్లోనే ఉంచు. సముద్రం గాలిలో ఉప్పుంటుంది, పట్టును పీల్చి పిప్పి చేస్తుంది. నూలు చీరలు నాలుగైదు చాలు. అంచు బరువుగా ఉన్నవి తీసుకో, లేకపోతే కొంగు నీ మాట వినదు, గాలి మాట వింటుంది. పిన్నీసులు దండిగా తెచ్చుకో. ఒక రోజు నేను పిన్నీసు మరిచిపోయి కొంగు పళ్లతో కరచుకుని తిరిగాను, దొరసాని పిల్లలు నాకు పంటినొప్పి అనుకున్నారు. చెప్పులు నున్నటివి వద్దు. సాయంత్రానికి చలేస్తుంది, కప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. తల తిప్పుతుంది కాబట్టి నిమ్మకాయ ఊరగాయ, శొంఠి ముక్కలు కొంగున కట్టుకో.

అన్నిటికంటే ముఖ్యం, అక్కడ పనేమీ ఉండదు. పైన గుడ్డ కుర్చీలు వేసి ఉంటాయి, వాటిలో వెనక్కి వాలి నీళ్ల వంక చూస్తూ పడి ఉండాలి. అదే వాళ్ల సుఖం. నీకది కష్టంగానే ఉంటుంది. చేతికి ఏదో ఒక పని లేకపోతే నీకు జ్వరం వస్తుందని నాకు తెలుసు. అలాగని చేటలూ జల్లెడలూ పెట్టెలో పెట్టుకోవద్దు.

తెల్లచీర తేవద్దు. నీకు మామిడిపండు రంగు నప్పుతుంది, అది తప్పకుండా తెచ్చుకో.

చెన్నకేశవులు మరిది మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగి పోయాడు, అంతే.

గిద్దలూరు సంగతి దేవుడికి వదిలిపెట్టు.

రాహేలు


మార్కాపురం,
మార్గశిరం.

రాహేలక్కకు,

నీ ఉత్తరం అందింది. చీరలు నాలుగే అన్నావు. పెట్టె మాత్రం ఎప్పుడో నా చేతుల్లోంచి పోయింది.

ఊరికే అంటే ఈ ఊళ్లో ఒక్కరూ నమ్మరక్కా. ఎవరికి తోచిన కారణం వాళ్లు అనుకుని, దానికి తగ్గ వస్తువు తెచ్చి పెట్టెలో పెట్టిపోతున్నారు. ఎదురింటి ఆదిలక్ష్మమ్మ పిన్ని మేము రామేశ్వరం పోతున్నామని, సంతానం కోసమని బయటికి చెప్పట్లేదని తేల్చుకుని ముడుపు గుడ్డ, టెంకాయ తెచ్చింది. శ్యామలమ్మ వదిన మేము తేయాకు తోటలకు కూలికి పోతున్నామనుకుంది. ఏడ్చి, కుండెడు కారప్పొడి ఇచ్చి, మళ్లీ ఏడ్చింది. కొనకనమిట్ల నుంచి గొర్రెలు తోలుకొచ్చిన ఓబులయ్య తాత ఒక్కడే కారణం అడగలేదు. "పోయేటోళ్లకు గొంగడుండాల అమ్మా, అదుంటే ఇల్లున్నట్టే" అని తన భుజం మీది గొంగడి తీసి ఇచ్చి పోయినాడు. పెట్టె తెరిస్తే మంద వాసన వస్తోంది. మా అత్త నీళ్లకు బిందె పెట్టింది. సముద్రం ఉప్పంట గదా, మంచినీళ్లు ఎవరు మోసుకొచ్చి పోస్తారని ఆమె అనుమానం.

ఇవన్నీ ఒక ఎత్తు, మా ఆయన సర్దడం ఒక ఎత్తు. పలకలు పడుకోబెడితే పగులుతాయి, నిలబెట్టి మధ్యన గడ్డి కూరాలి. ఆయనకు ఆ సర్దుడొక్కటే తెలుసు. నా చీరలన్నీ మడతలు పెట్టి, నిలువుగా వరసగా నిలబెట్టి, ఒక్కో చీరకూ మధ్యన గడ్డి కూరినాడు. "చీరలు పగలవు గదా" అంటే, "ఏమో, ఓడ ఊగుతాదంట" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకు నవ్వినాను.

కానీ పెట్టెలు రెండు కొన్నాడక్కా. ఆయనకొకటి, నాకొకటి. తిరుపతి పోయినప్పుడు ఇద్దరి బట్టలూ ఒకే పెట్టెలో పోయినాయి. ఇప్పుడు రెండెందుకు?

తిప్పి తిప్పి రాయడం నాకు చేతకాదు. గిద్దలూరు పిల్లను ఆయనకు చేయాలని అత్త నిశ్చయించుకుంది. పోయిన శుక్రవారం నాతోనే, "ఇల్లు నిలబడాల గదమ్మా" అంది. మూడేళ్ల కింద నువ్వు నన్ను మీ డాక్టరు దొరసానికి చూపించినప్పుడు, నాలో ఏ లోపమూ లేదని ఆమె చెప్పింది గుర్తుందా? ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ చెవిన పెట్టలేదు. నేనూ పూర్తిగా నమ్మలేదు. ఆ పిల్ల గురించి అడిగితే మా ఆయన అవుననడు, కాదనడు, లేచి గనికి పోతాడు. నాకు తోచేది ఇది: ఇంట్లో అడగలేక, నన్ను ఓడెక్కించి, నాలుగు మంచి మాటలు చెప్పి, అక్కడ అడుగుతాడు. మేకను మేపేది ఎందుకో మనకు తెలియదా?

అక్కా, ఆయన పుట్టిన్నాటి నుంచి కాఫీ తాగలేదు. వాసనకే లేచిపోతాడు. నిజం చెప్పు. మీ ఇంట్లో ఏం మాట్లాడినాడు?

అలివేలు


రాయపురం,
క్రిస్మస్ వెళ్లాక.

చెల్లీ,

నువ్వు బడిలో కూడా ఇంతే. పెద్ద అబద్ధాలు వదిలేసి చిన్న అబద్ధం దగ్గర పట్టుకునేదానివి.

కాఫీ తాగలేదు. మజ్జిగ తాగాడు. ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు వచ్చాడు. యోసేపు బావతో బయటికి వెళ్లి వచ్చేవాడు. ఒక మాట చెప్పాడు. చెప్పి, నీకు రాయనని బైబిలు మీద నా చెయ్యి పెట్టించుకుని మరీ వెళ్లాడు. నోరు నాది, తాళంచెవి ఆయనది. నువ్వు అడిగిన కొద్దీ నేను అబద్ధాలాడాలి, అవి నువ్వు పట్టుకుంటావు. కాబట్టి నన్ను మాటలడగొద్దు, చీరలడుగు.

బిందె తీసెయ్యి. గొంగడి ఉంచు. కారప్పొడి సగం నాకు పట్టుకురా. పెట్టెలు రెండని బెంగ పెట్టుకోవద్దు, ఒకటి తడిస్తే రెండోది ఉంటుంది.

నీ మీద ఒట్టు, నేను నీ మేలు కోరేదాన్నే.

రాహేలు


మార్కాపురం,
పుష్యం ఆఖరు.

రాహేలుకు,

నీ ఉత్తరంతో నాకు తెలియాల్సింది తెలిసింది. చెప్పకూడని మాట అంటే మంచి మాట కాదు గదా. మంచి మాటకు ఎవరూ బైబిలు అడగరు.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. మా అత్తవాళ్ల ఇళ్లలో మొదటి భార్య బతికుండగా మగవాడు రెండో పెళ్లి చేసుకోవాలంటే, ఆమె తన చేత్తో మొగుడి చేతిలో తాంబూలం పెట్టాలి. రెండాకులు, ఒక వక్క, ఒక పసుపుకొమ్ము. సున్నం ఉండదు, అది నమిలే తాంబూలం కాదు గనక. అది పెడితేనే పిల్లనిచ్చేవాళ్లు గడప తొక్కుతారు. మా పెద్దత్త అట్ల పెట్టడం నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు చూసినాను. నడిమింట్లో, బంధువులంతా గోడవారగా కూర్చుని చూస్తున్నారు. ఆమె చేతిలోంచి వక్క జారి కింద పడింది. ఏరి మళ్లీ పెట్టమన్నారు. ఆమె వంగి మంచం కింద వెతుకుతుంటే ఎవరో నవ్వినారు.

నాకా గతి వద్దు. ఆయన అడిగేదాకా ఆగను. ఓడ మీద మమ్మల్ని ఎరిగినవాళ్లు ఉండరు. అక్కడే, ఎవరూ చూడకుండా, నా అంతట నేనే పెట్టేస్తాను. ఆకులు తడిగుడ్డలో చుట్టి, అరటిదొన్నెలో పెట్టి, నా పెట్టెలో అడుగున దాచినాను. నాలుగు చీరలతో పాటు నా పెళ్లిచీర పెట్టినాను. తెల్లది, ఎర్రంచుది. నువ్వు తెల్లచీర వద్దన్నావు. ఊరికే పోయేదానికైతే వద్దేమో. నేను ఎందుకు పోతున్నానో ఇప్పుడు నాకు తెలుసు, ఏం కట్టుకోవాలో కూడా తెలుసు. గొంగడి ఉంచినాను. బిందె అత్త తియ్యనివ్వలేదు.

మీ ఇంటికి రాము. రైలు దిగి నేరుగా రేవుకు పోతాం. కారప్పొడి ఎవరితోనైనా పంపుతాను.

అలివేలు


చెన్నపట్నం రేవు.
యోసేపు బావ చేతికిచ్చి పంపుతున్నాను.

అలివేలూ,

మీ ఆయన పక్కనుండగా నోటితో చెప్పలేక, దూరంగా నిలబడి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో. ఈ చీటీ చదివి చించెయ్యి. ఆ తాంబూలం సంగతి మీ ఆయనకు నేను చెప్పలేదు, ఆయన సంగతి నీకు చెప్పట్లేదు. మీ ఇద్దరి మధ్యన నేను పిండైపోతున్నాను.

ఒక్కటే అడుగుతాను. ముందు ఆయన్ను మాట్లాడనివ్వు. ఎంతసేపు నసిగినా, ఎంతసేపు మూగవాడిలా కూర్చున్నా ఆగు. ఆయన నోరు విప్పేదాకా నువ్వు పెట్టె విప్పకు. చిన్నప్పుడు నీ జ్వరానికి రాత్రంతా తడిగుడ్డ వేసినదాన్ని, ఈ ఒక్క మాట విను.

రాహేలు


కొలంబో రేవు,
ఓడలోనే కూర్చుని.

అక్కా,

ఇక్కడ ఓడ ఆగింది. ఉత్తరాలు తీసుకుపోయే మనిషి పొద్దున వస్తాడట. అందుకని గబగబా రాస్తున్నాను, పైగా ఈ బల్ల ఊగుతోంది.

నువ్వు చెప్పినవాటిలో పిన్నీసుల మాట నిజం, శొంఠి మాట నిజం. నూలు చీరలకు గడ్డి అంటుకుని, నేను నడిచిన దారంతా గడ్డిపరకలు రాలినాయి. ఒక దొర వంగి పరక తీసి చూసి, తలెత్తి ఆకాశం వంక చూసినాడు. ఓబులయ్య తాత గొంగడి మీద మాత్రం అందరి కన్నూ పడింది. సాయంత్రం చలికి వాళ్ల సన్నటి శాలువలు ఎందుకూ చాలలేదు, మేమిద్దరం గొంగడి కప్పుకుని కూర్చున్నాం. బిందె సంగతి వింటే నవ్వుతావు. మొదటి రోజు పొద్దున నిద్రలేచి, అలవాటు కొద్దీ బిందె పట్టుకుని బయటికి వచ్చినాను. ఎటు చూసినా నీళ్లు. ఆ చివర నుంచి ఈ చివరకు నీళ్లే. మన ఊళ్లో రెండు బిందెల కోసం ఎండలో ఎంత దూరం నడుస్తామో నీకు చెప్పాలా? అట్లనే నిలబడిపోయినాను. మా ఆయన వెనక నుంచి వచ్చి బిందె తీసుకుని, "ఇవి ఎవురూ మోయనక్కర్లేని నీళ్లు. ఇది చూపియ్యాలనే పిలుచుకొచ్చినా. ఇదొకటి, ఇంకొకటుంది" అన్నాడు.

ఆ ఇంకొకటి ఏమిటో నాకు తెలుసనుకున్నాను. ఆ సాయంత్రమే పెళ్లిచీర కట్టుకున్నాను. దొన్నె కొంగు కింద పెట్టుకుని, గుడ్డ కుర్చీలో ఆయన పక్కన కూర్చున్నాను. నీ చీటీ గుర్తుండి నోరు మూసుకున్నాను. ఎంతసేపు మూసుకున్నానో. ఆయన సముద్రం గురించి చెప్పినాడు, పలకల గురించి చెప్పినాడు, గనిలో నీళ్లు పడిన సంగతి చెప్పినాడు. చీకటి పడింది. అప్పుడు అన్నాడు.

"నేను పట్నంలో డాక్టరుకు చూపించుకున్నా. యోసేపన్న పిలుచుకపోయినాడు. ఒకడు చాలదని ఇద్దరికి చూపించుకున్నా."

"ఏమైంది నీకు?" అన్నాను. ఏదో పెద్ద రోగమనుకున్నాను.

"రోగం కాదు. పిల్లలు కలగంది నా వల్లనంట. నీలో ఏం లేదు. మందు కూడా లేదంట."

అక్కా, ఆ క్షణంలో నాకేమనిపించిందో సరిగ్గా చెప్పలేను. సంతోషమా అంటే కాదు. ఆయన మీద జాలి వేసింది, దాని వెంటనే కోపం వచ్చింది. నేను పొర్లిన పొర్లుదండాలు, నూలుపోగులు కట్టిన రావిచెట్లు, సీమంతాలకు పిలవకపోతే తలుపు వేసుకుని కూర్చున్న రోజులు, అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చినాయి.

"పదేండ్లు. ఇన్నేండ్లలో ఒక్కసారన్నా నువ్వు పోయి చూపించుకోవాలని తోచలేదా?" అన్నాను.

"తోచింది."

"మరి?"

"భయమైంది" అన్నాడు. "అమ్మ గిద్దలూరు పిల్లను ఇంటికి రప్పించేదాకా భయం కిందనే దాక్కున్నా. ఆ పిల్లకు కూడా ఇదే గతి పడతాది గదా అనిపించినాక పోయినా. ఇంట్లో చెప్పేదానికి నోరు రాలేదు. మనింట్లో గోడకు ఆపక్క అమ్మ ఉంటాది, ఈపక్క వీధి ఉంటాది. ముందు నీకు చెప్పాల. నువ్వు అరిచినా ఏడ్చినా ఎవురూ వినని తావు కావాల. అట్లాంటి తావు నాకు ఇదొక్కటే దొరికింది" అన్నాడు.

"పెట్టెలు రెండెందుకు?"

"విన్నాక నువ్వు మీ నాయన దగ్గరికి పోతానంటావేమో. నీ పెట్టె నీకుంటే, మళ్లా మా ఇంటికొచ్చి సర్దుకునే పనుండదని."

అంటే నన్ను వదిలిపెట్టడానికి కొన్న పెట్టె కాదది. నేను ఆయన్ను వదిలిపోతే చేతికందాలని కొన్న పెట్టె. నేను గట్టిగానే ఏడ్చినాను. ఎవరూ వినలేదు, ఆయన చెప్పినట్టే.

ఏడుపులో కొంగు జారి దొన్నె కింద పడింది. ఆయన వంగి తీసినాడు. ఆకులు వాడిపోయినా పచ్చగానే ఉన్నాయి. తాంబూలం అనుకుని నోట్లో పెట్టుకోబోయి, "సున్నమేది?" అన్నాడు. ఆకు చూసినాడు, పసుపుకొమ్ము చూసినాడు, నా చీర చూసినాడు. ఆయనా ఆ ఇంట్లో పుట్టినవాడే, వాళ్ల పెద్దమ్మ వక్క ఏరుకోవడం ఆయనా చూసినాడు.

"ఇది నాకియ్యాలని తెచ్చినావా?" అన్నాడు.

"ఊరికే తెచ్చినా" అన్నాను.

ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. గొంగడి తలమీదుగా కప్పుకుని ఏడ్చినాడు. తర్వాత వక్క కొరికి ఇద్దరం చెరిసగం నమిలినాం. సున్నం లేదు గనక నోరు పండలేదు. చప్పగా, కాస్త వగరుగా ఉంది. నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు, పోవాలని తొందరా లేదు. పుట్టింటికి మాత్రం పోనని చెప్పినాను.

నీతో కటువుగా రాసినాను. మనసులో పెట్టుకోవద్దు. వచ్చేటప్పుడు మీ ఇంటికి వస్తాం, కారప్పొడి అంతా నీకే.

నీ చెల్లెలు
అలివేలు


మార్కాపురం,
ఫాల్గుణం.

రాహేలక్కకు,

క్షేమంగా ఇల్లు చేరినాం. ఓడలో ఏం జరిగిందో బావకు తెలుసు గనక ఆయనకూ చదివి వినిపించు.

వచ్చిన మూడో నాడు పుల్లయ్య మామ గిద్దలూరు నుంచి దిగినాడు. మా ఆయన నడిమింట్లో నిలబడి, వాళ్లమ్మ ముందర, మామ ముందర, ఓడలో నాకు చెప్పింది చెప్పినట్టు చెప్పినాడు. "ఆ పిల్లను మంచి చోట ఇయ్యి మామా" అన్నాడు. మామ తలగుడ్డ తీసుకుని లేచిపోయినాడు.

మా అత్త రెండు రోజులు అన్నం ముట్టలేదు, నాతో మాట్లాడలేదు. నాకు లోపల ఒక పక్క కసిగా ఉంది, ఒక పక్క బాధగా ఉంది. ఆమెకున్నది ఒక్కడే కొడుకు. నిన్న నేను రొట్టెలు చేస్తుంటే పొయ్యి పక్కకు వచ్చి కూర్చుంది. చాలాసేపు పిండి వంక చూసింది. "నిన్ను శానా మాటలన్నా గదమ్మా" అంది. అవునన్నాను. కాదనడానికి నోరు రాలేదు. తలూపి, వేడి రొట్టె ఒకటి తీసుకుని తిన్నది.

తిని, చెయ్యి కడుక్కుంటూ, అటు తిరిగి అడిగింది.

"ఓడలో నాలాంటి ముసిలోళ్లు గూడ ఉంటారా?"

"ఉంటారత్తా."

"వాళ్లేం కట్టుకుంటారు?"

ఎందుకత్తా అన్నాను. ఊరికే అంది.

ఆమెకు ఏ చీరైతే బాగుంటుందో కాస్త ఆలోచించి రాయక్కా. బిందె మాత్రం ఈసారి ఆమే వద్దంటోంది.

నీ చెల్లెలు
అలివేలు